వంగమడిలో అక్షింతల పురుగులు

మా మరిది కూతురు నెల నిండకుండానే మా ఇంటికి వచ్చింది. రేపల్లెలో, తన పుట్టింట్లో కాన్పయిన మా తోడికోడలికి జ్వరం తగిలింది. గుంటూరు తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మరిది బాపట్ల దగ్గర, సముద్రపొడ్డున ఉన్న రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. ఆ పనిలో పగలూ రాత్రీ తేడా ఉండదు. తొట్ల దగ్గరే తినాలి, తొట్ల దగ్గరే పడుకోవాలి. పసిబిడ్డని అతనేం పెంచగలడు?

మా అత్తగారు ఎవరినీ అడగలేదు. బిడ్డని టర్కీ తువ్వాల్లో చుట్టి, రేపల్లె పాసింజర్లో తెనాలి వచ్చి, మా ఇంటి గుమ్మంలో కూర్చుని ఆ మూట నా ఒళ్లో పెట్టింది.

"దేవుడు నీకు ఇలా ఇద్దామనుకున్నాడేమోనే అమ్మాయ్" అంది.

అప్పటికి మా పెళ్లయి చాలా ఏళ్లయింది. తిరగాల్సిన ఆస్పత్రులన్నీ తిరిగి, చేయించాల్సిన ప్రార్థనలన్నీ చేయించి, ఇక ఆ మాట ఎత్తడం మానేసిన రోజులవి. బిడ్డ ఆకలికి నా జాకెట్టు మీద నోరు పెట్టి వెతికింది. నా దగ్గర ఏముంది? మావారు చెప్పులు కూడా వేసుకోకుండా పాలడబ్బా కోసం మందుల కొట్టుకి పరిగెత్తారు. ఆయన తిరిగి వచ్చేదాకా అది వెతుకుతూనే ఉంది. నేను ఏడుస్తూనే ఉన్నాను.

రాతకోతలేమీ జరగలేదు. అన్నదమ్ముల మధ్య కాయితాలేంటి అనుకున్నాం. అది నన్ను అమ్మ అంది. మావారిని నాన్న అంది. అలా పిలవమని మేమేమీ నేర్పలేదు, ఇంట్లో ఉన్న మనుషుల్ని బట్టి ఆ పిలుపులు వాటంతటవే వచ్చాయి. కన్నతండ్రిని బాబాయి అనడం మాత్రం మా అత్తగారే నేర్పింది. "ఊహ తెలిశాక నేనే చెబుతాలే" అంది. పాపకి ఊహ తెలిసేలోగా ఆవిడ పోయింది.

మావారు రేపల్లెలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. పొద్దున్నే రైలుబండికి వెళితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. నేను ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుట్టేదాన్ని, జిగ్‌జాగ్ చేసేదాన్ని. పగలంతా నేనూ పాపా, మధ్యలో మిషను. మాది తెనాలిలో రైలుపట్టాలకి దగ్గర్లో చిన్న డాబా. వెనక పెద్దగా వాడని దొడ్డి ఉండేది. అందులో ఓ చేతిపంపు, బట్టలుతికే బండ, ఎవరో ఎప్పుడో నాటిన కరివేపాకు చెట్టు. అంతే.

పాపకి మూడో ఏడు వచ్చాక కూర అంటే మొహం తిప్పేయడం మొదలుపెట్టింది. పప్పూ అన్నం, పెరుగూ అన్నం తప్ప ఏదీ మింగేది కాదు. మా ఎదురింటావిడ చూసి చూసి, "దొడ్లో నాలుగు మొక్కలు వెయ్యండి. తన చేత్తో కోసిందైతే అదే తింటుంది" అంది. ఆ మాటే పట్టుకుని దొడ్డి తవ్వించాం. మావారు రేపల్లె నుంచి తడిగోనె గుడ్డలో వంగనారు తెచ్చారు. పందిరి వేసి దోస, సొర పెట్టాం. గోడ వారన చిక్కుడు. మా దొడ్డిది నల్లమట్టి, వానొస్తే పాదానికి కిలో మట్టి అంటుకుంటుంది. పాప ఆ మట్టికాళ్లతోనే ఇల్లంతా తిరిగేది. నేను కేకలు వేసేదాన్ని. ఇప్పుడు నా ఇంటి గచ్చు ఎప్పుడు చూసినా అద్దంలా ఉంటుంది.

ఎదురింటావిడ చెప్పినట్టే జరిగింది. మొదటి వంకాయ బొటనవేలంత ఉండగానే పాప కోసేసింది. అది ఒక్కదాన్నే నూనెలో వేయించి పెడితే అన్నమంతా తినేసింది.

ఆ తర్వాతే పురుగులు వచ్చాయి. ఒకరోజు చూస్తే వంగ ఆకులు జల్లెడలా ఉన్నాయి. ఈనెలు అలాగే ఉండి, మధ్యలో పచ్చదనమంతా గీకేసినట్టు పోయింది. ఆకు తిప్పి చూస్తే పసుపుపచ్చని పురుగులు ఒంటినిండా ముళ్లతో పాకుతున్నాయి. పక్క ఆకు మీద కందిబద్ద సైజులో, ఇటుకరంగులో, వీపు మీద నల్లచుక్కలతో పెంకు పురుగులు. చెయ్యి పెడితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు కింద పడిపోయాయి.

"అక్షింతల పురుగండి అది. పిల్లదీ పెద్దదీ రెండూ ఆకే తింటాయి. మందు కొట్టకపోతే వారంలో కాడలు మిగులుతాయి" అని ఎదురింటావిడ చెప్పింది.

మందు ఎలా కొడతాను? పాప తిరిగేది ఆ మొక్కల మధ్యే. కాయ కనిపిస్తే కడగకుండానే కొరికేది. వేపనూనె కలిపి కొట్టాను, బూడిద చల్లాను. అవి కొంత ఆపాయి. మిగిలినవి చేత్తో ఏరాల్సిందే. పొద్దున ఎండ ఎక్కకముందు పురుగులు మందకొడిగా ఉంటాయి, ఎగరలేవు. ప్లాస్టిక్ మగ్గులో సబ్బునీళ్లు కలిపి, ఆకు కింద మగ్గు పెట్టి కాస్త తడితే చాలు, వాటంతటవే నీళ్లలో పడతాయి. మావారిని బండికి పంపాక అదే మా పని. ఆకుల అడుగున పసుపుపచ్చని గుడ్లు గుంపుగా నిలబెట్టినట్టు ఉండేవి. అవి కనిపెట్టడంలో పాపది నాకంటే చురుకైన చూపు. దాని ఎత్తుకి ఆకుల అడుగుభాగమే ముందు కనిపించేది.

"అక్షింతలంటే ఏంటమ్మా?" అని అడిగింది ఒకరోజు. మేం చర్చికి వెళ్లేవాళ్లం, మా పెళ్లిళ్లలో అది అక్షింతలు చూడలేదు. మా వీధిలో ఒకరింట్లో పెళ్లి జరిగితే తీసుకెళ్లాను. ఎవరో దాని చేతిలో కూడా నాలుగు పసుపు గింజలు పెట్టారు. అందరూ పెళ్లికొడుకూ పెళ్లికూతురి మీద వేస్తుంటే ఇది గుప్పిట విప్పలేదు. ఇంటికొచ్చాక చూస్తే చేయంతా పసుపు.

"ఇవి ఆకు తినవు కదా" అంది, ఆ గింజలు చూపించి.

చిక్కుడు తీగ మీద రసం పీల్చే పేనుబంక పట్టినప్పుడు ఇంకో రకం పురుగు వచ్చింది. అదీ గుండ్రమే, దానికీ చుక్కలే, కానీ వీపు నూనె రాసినట్టు నిగనిగలాడేది. అది ఆకు జోలికి పోదు, పేనుబంకని తింటుంది. వంగ మీదవి మాత్రం మసకగా, నూగు పట్టినట్టు ఉంటాయి. పాపకి ఈ తేడా ఒక్కసారి చెబితే మర్చిపోలేదు. నిగనిగలాడేవాటిని మంచి పురుగులు అంది. మరి వంగ మీదవాటిని చెడ్డ పురుగులు అనమంటే ఒప్పుకోలేదు.

"అవి చెడ్డవి కాదమ్మా, వాటికి ఆకలి" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో వాటి పేరు ఆకలి పురుగులు. సాయంత్రం ప్రార్థనలో కళ్లు గట్టిగా మూసుకుని, నాన్న కోసం, బాబాయి కోసం, ఎదురింటి కుక్క కోసం అడిగాక, "ప్రభువా, ఆకలి పురుగులకి వేరే చోట అన్నం పెట్టు" అనేది. మావారికి నవ్వు ఆగేది కాదు. నేను ఆయన మోకాలి మీద గిల్లేదాన్ని.

మరిది ఎప్పుడైనా ఆదివారం వచ్చేవాడు. బిస్కెట్లూ, రంగు పెన్సిళ్లూ తెచ్చేవాడు. పాప వాటిని తీసుకుని నా వెనక నిలబడేది. అతను ఎత్తుకోబోతే చేతులు బిగబట్టుకునేది. అతని దగ్గర ఎప్పుడూ ఉప్పునీళ్ల వాసన వచ్చేది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నిలబడి కాసేపు చూసి వెళ్లేవాడు. ఆ చూపు నాకు కనబడకపోలేదు. కనబడినా దాని గురించి ఎక్కువ ఆలోచించదలుచుకోలేదు.

పాపకి అయిదేళ్లు నిండిన ఎండాకాలం, ఒక ఆదివారం చర్చి అయ్యాక వచ్చాడు. చేతిలో ఏమీ లేవు. మావారు లోపల పడుకుని ఉన్నారు. పొద్దున కుదరక అప్పుడు నేను వంగమడిలో పురుగులు ఏరుతున్నాను. అతను వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు.

"వదినా, నాకు సంబంధం చూశారు."

"మంచిదేగా. ఎవరంట?"

"రేపల్లె వాళ్లే. ప్రైవేటు స్కూల్లో టీచరు." బండ మీద గోటితో గీశాడు. "పాప సంగతి ముందే చెప్పేశాను. అన్నయ్యా వదినా పెంచుతున్నారని చెప్పాను."

"ఏమంది?"

"తల్లి లేని పిల్లని వేరే ఇంట్లో ఉంచి నేను కాపురం చెయ్యలేనండి, పాప మనతో ఉంటేనే చేసుకుంటాను అంది."

నా వేళ్ల మధ్య ఒక పురుగు ఉంది. నొక్కితే అవి మోకాళ్ల దగ్గర నుంచి పసుపుపచ్చని నీరు వదులుతాయి. వేళ్లకి అది అంటింది. దాన్ని మగ్గులో వెయ్యడం మర్చిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ చెడ్డది అయుంటే బాగుండును. పాప వద్దు అని ఉంటే ఎంత బాగుండును. ఎదుటి మనిషి మంచిది అవడమే నా ప్రాణానికి వచ్చింది.

"ఎప్పుడు తీసుకెళతావు?"

"స్కూళ్లు తెరిచేలోగా అనుకుంటున్నాం." అతను బండ మీద నుంచి లేచాడు. "మీరు వద్దంటే తీసుకెళ్లను వదినా. నా మీద ఒట్టు. వద్దు అని ఒక్క మాట అనండి."

ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అప్పుడే పాప వంటింటి తలుపులో నుంచి బయటికి వచ్చి, "బాబాయ్, నా మగ్గులో ఎన్ని ఉన్నాయో చూడు" అంటూ అతని దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ తలలు వంచి మగ్గులోకి చూశారు. ఇద్దరివీ ఒకేలాంటి చెవులు, ఒకేలాంటి మెడవంపు. తల్లి పోయిన రోజు నుంచి అతను ఆ పిల్లని గేటు దగ్గర నిలబడి చూసి వెళుతున్నాడు. నేను వద్దు అనలేకపోయాను. లోపలికి వెళ్లి టీ పెట్టాను.

ఆ సాయంత్రం ఏం చేద్దామని మావారిని అడిగాను. ఆయన గోడ వైపు తిరిగి, "వాడి బిడ్డేగా" అన్నారు. భోజనానికి కూడా లేవలేదు.

పిలుపులు మార్చాలి కదా. ఎవరు చెబుతారు? మావారు నా వల్ల కాదన్నారు. మరిది తలవంచుకున్నాడు. చివరికి నేనే చెప్పాను, పొద్దున పురుగులు ఏరుతూ. ఆ పనిలో ఉంటే మొహం చూడక్కర్లేదు.

"అమ్మలూ, నువ్వు ఇక నన్ను పెద్దమ్మ అనాలమ్మా."

"ఎందుకూ?"

"నేను మీ పెద్దమ్మనే కాబట్టి. మీ అమ్మ దేవుడి దగ్గరికి వెళ్లింది. అందుకని నువ్వు ఇక్కడున్నావు. ఇప్పుడు నీకు కొత్తమ్మ వస్తోంది. బాబాయి ఉన్నాడు చూడు, ఆయనే మీ నాన్న."

"మరి నాన్న?"

"పెద్దనాన్న."

అది ఒక ఆకు తిప్పింది, వదిలేసింది. తర్వాత, "పెద్దమ్మ అంటే అమ్మకంటే పెద్దదా?" అని అడిగింది.

"అవును."

"అయితే సరే" అంది. దాని దృష్టిలో నాకేదో పెద్ద పదవి వచ్చినట్టుంది. ఆ రోజంతా ఆటలాగా పెద్దమ్మా పెద్దమ్మా అంటూ తిరిగింది. నిద్ర ముంచుకొచ్చేసరికి మళ్లీ అమ్మా అంది. నేను సరిదిద్దలేదు.

పెళ్లి రేపల్లెలో, చర్చిలో జరిగింది. పాపకి తెల్లగౌను నేనే కుట్టాను. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ పెళ్లికూతురు పాప చెయ్యి వదల్లేదు. చిన్నపిల్లే, ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. భోజనాల దగ్గర నా పక్కకి వచ్చి, "అక్కా, దానికి ఏం ఇష్టమో అన్నీ చెప్పండి, గుర్తుపెట్టుకుంటాను" అంది. చెప్పాను. అన్నంలో వేలు పెట్టి వేడి చూశాకే పెట్టాలనీ, తల దువ్వేటప్పుడు కుడిపక్క చిక్కు ఎక్కువ పడుతుందనీ, ఉరుములంటే భయమనీ చెప్పాను. చెబుతూనే ఉన్నాను. ఆవిడ కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

పెళ్లయిన కొన్ని రోజులకి మరిది కారు మాట్లాడుకుని వచ్చాడు. పాప కారెక్కడానికి సరదాపడింది. ముందు సీటులో కూర్చుంది. చెయ్యి ఊపింది. కారు వీధి మలుపు దాకా వెళ్లాక గానీ నేను కూడా ఎక్కలేదన్న సంగతి దానికి తట్టలేదనుకుంటాను. ఆ మలుపు దగ్గర ఒక కేక వినిపించింది. మావారు గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను లోపలికి వచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఎవరి చీరకో ఫాల్ వేస్తూ, దారం లేని సూదితో చాలాదూరం కుట్టుకుంటూ పోయాను.

ఆ తర్వాత దొడ్లోకి వెళ్లాలనిపించలేదు. చూస్తుండగానే వంగమడిలో పురుగులు పెరిగిపోయాయి. వంటింటి కిటికీలో నుంచి కనిపించేవి. ముందు ఆకులకి చిల్లులు, తర్వాత ఈనెలు, తర్వాత ఈనెలు కూడా ఎండి గోధుమరంగు కాయితంలా వేలాడటం. దోస పాదు మీద ఎర్రటి గుమ్మడి పెంకు పురుగులు గుంపుగా వాలి, లేత ఆకు అన్నది లేకుండా చేశాయి. ఎదురింటావిడ ఒకరోజు దొడ్లోకి వచ్చి చూసి, "ఏంటండి, అలా వదిలేశారు?" అంది. "ఓపిక లేదండి" అన్నాను. ఆవిడకి తెలుసు. మళ్లీ అడగలేదు.

ఒకరోజు పొద్దున లేచేసరికి మావారు మంచం మీద లేరు. దొడ్లో ఉన్నారు. మిల్లుకి వేసుకెళ్లే తెల్లచొక్కాతోనే మగ్గు పట్టుకుని వంగ మొక్కల ముందు వంగి ఉన్నారు. మొక్కలు వేసినప్పటి నుంచీ ఆయన ఒక్క పురుగునీ ముట్టలేదు, ఆయనకి వాటిని చూస్తే ఒళ్లు జలదరించేది. దగ్గరికి వెళ్లి చూశాను. మగ్గులో వంగ మీదవీ ఉన్నాయి, చిక్కుడు మీది నిగనిగలాడేవీ ఉన్నాయి. ఆయనకి తేడా తెలియదు.

"ఇవి మంచివండి. వీటిని తియ్యకూడదు" అన్నాను.

"అమ్మలు ఉంటే చెప్పేది" అన్నారు. ఆ మగ్గు కింద పెట్టేసి, బండ మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. అత్తగారు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేశాను. ఆ రోజు ఆయన ఎక్కాల్సిన రేపల్లె బండి మా ఇంటి వెనక నుంచే కూత వేసుకుంటూ వెళ్లిపోయింది.

బాపట్ల వెళ్లడానికి ఎంతసేపు? రైలెక్కితే గంట. నేను ఆగలేక మొదట్లో వారం వారం వెళ్లాను. పాప నన్ను చూడగానే వచ్చి అతుక్కుపోయేది. చంక దిగేది కాదు. అన్నం నేనే పెట్టాలి, నీళ్లు నేనే పోయాలి. కొత్త తోడికోడలు పక్కకి తప్పుకుని, నాకు కావలసినవి అందిస్తూ, ఇంట్లో ఆవిడే చుట్టంలా తిరిగేది. బయలుదేరేటప్పుడు రణరంగమే. నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వేలాడేది. ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పేది మరిది.

నాలుగోసారో అయిదోసారో స్టేషన్‌కి బండి మీద దింపుతూ అతను అన్నాడు.

"వదినా, కోప్పడకండి. మీరు వెళ్లాక అది రెండు రోజులు అన్నం ముట్టదు. స్కూలుకి వెళ్లదు. ఆవిడ దగ్గరికి రమ్మంటే కొడుతుంది. ఆవిడ వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది. కొన్నాళ్లు..."

"రావద్దంటావు."

"కొన్నాళ్లే వదినా. అలవాటు పడేదాకా."

"సరేలే" అన్నాను. రైలు వచ్చేదాకా ఆ ప్లాట్‌ఫారం మీద అతనే నా సంచీ పట్టుకుని నిలబడ్డాడు. అతను చెప్పింది నిజం.

ఆ ఏడు వానలు వెళ్లేదాకా నేను బాపట్ల వెళ్లలేదు. ఫోను కూడా తగ్గించాను. మరిది మావారికి చేసేవాడు. బాగానే ఉంది, స్కూలుకి వెళుతోంది, పళ్లు ఊడుతున్నాయి అని చెప్పేవాడు. ముందుపన్ను ఊడినప్పుడు దాని మొహం ఎలా ఉందో అని నేను రోజుల తరబడి అనుకుంటూ ఉండిపోయాను.

చలి మొదలయ్యాక ఒక ఉదయం మా తోడికోడలి దగ్గర నుంచి ఫోనుకి ఫొటో వచ్చింది. ఒక వంగ ఆకు. జల్లెడలా చిల్లులు పడి ఉంది. వెంటనే ఫోను మోగింది.

"అక్కా, బాగున్నారా? ఆ ఫొటో చూశారా? ఇక్కడ వెనకాల కాస్త చోటుంటే పాప కోసం మొక్కలు వేశానక్కా. మొక్కలుంటేనే కూర తింటానని పేచీ. ఇప్పుడేమో ఏదో పురుగు పట్టింది."

"అక్షింతల పురుగమ్మా అది."

"ఏం చెయ్యాలక్కా? ఇక్కడ వ్యవసాయ కాలేజీ ఉంది, ఎవర్నైనా అడుగుదామని ఈయనంటే పాప ఒప్పుకోలేదు. పెద్దమ్మకే తెలుసు, పెద్దమ్మనే అడగాలంటుంది."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎండ ఎక్కకముందు ఏరాలి, ఆకు కింద మగ్గు పెట్టాలి, సబ్బునీళ్లు ఎక్కువ నురుగు లేకుండా కలపాలి, గుడ్లున్న ఆకు తుంచి నలిపెయ్యాలి, కింద రాలిన ఎండాకులు ఊడ్చెయ్యాలి. నిగనిగలాడేవాటి జోలికి మాత్రం పోకూడదు. ఆవిడ ప్రతిదానికీ "ఆఁ అక్కా, ఆఁ అక్కా" అంటోంది. చెబుతూ ఉంటే నాకు ఒక్కొక్కటీ నా చేతిలో నుంచి తీసి ఆవిడ చేతిలో పెడుతున్నట్టే ఉంది. ఇంకేం మిగిలింది నా దగ్గర అనిపించింది. అయినా దాచుకోబుద్ధి కాలేదు. పాప తినే వంకాయలు కదా అవి.

"మందు మాత్రం కొట్టొద్దమ్మా. అది కడగకుండా..." అంటుండగా ఫోనులో దూరంగా పాప గొంతు వినిపించింది. ఎంతకాలానికి విన్నానో ఆ గొంతు.

"అమ్మా!"

"ఆఁ!" అన్నాను నేను.

"ఆఁ!" అంది ఆవిడ.

ఇద్దరం ఒకేసారి పలికాం. పాప పిలిచింది ఆవిడని. ఇటు నేనున్నట్టు దానికి తెలియనే తెలియదు. ఆవిడ ఊపిరి నాకు వినిపిస్తోంది.

"అక్కా..." అంది ఆవిడ. "పాపకి ఇవ్వనా?"

"వద్దమ్మా. నిన్ను పిలుస్తోంది, వెళ్లు. ముందు దాని సంగతి చూడు" అన్నాను.

ఫోను పెట్టేశాక వంటింట్లో గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు. దానికి అమ్మ దొరికింది. నేను ఐదేళ్లు ప్రార్థనల్లో దాని కోసం అడిగింది అదేగా, అది సుఖంగా ఉండాలనేగా. అడిగింది ఇస్తే మనిషి ఇలా కూలబడిపోతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ ఫోను తర్వాత మాకు రాకపోకలు మళ్లీ మొదలయ్యాయి. పిలిచింది ఆవిడే. పండక్కి రమ్మంది, పాప పుట్టినరోజుకి రమ్మంది. మరో నాలుగేళ్లకి ఆవిడ నెల తప్పింది. పుట్టింట్లో తల్లికి ఆరోగ్యం బాగుండక, "మీరొచ్చి నా దగ్గరుండండి అక్కా, నాకు భయంగా ఉంది" అని అడిగింది. పాప కన్నతల్లికి కాన్పయ్యాక ఏం జరిగిందో ఆవిడకి తెలుసు. ఆ భయం నాకూ ఉంది. మిషను మూసేసి, కుట్టాల్సిన చీరలు ఎవరివి వాళ్లకి ఇచ్చేసి బాపట్ల వెళ్లాను.

కాన్పు బాగానే జరిగింది. మగపిల్లవాడు. తల్లీబిడ్డా ఇంటికి వచ్చాక ఇంకో నెల పైన ఉన్నాను. బాలింతకి పథ్యం వండి, పసివాడికి నీళ్లు పోసి, పాపకి జడ వేసి స్కూలుకి పంపేదాన్ని. పాప నా పక్కనే పడుకునేది. పొడవు సాగింది. నిద్రలో కాళ్లు నా పొట్ట మీదికి వచ్చేవి, ఇదివరకు లాగే. స్కూలు సంగతులు చెప్పేది. స్నేహితురాళ్లతో జరిగిన గొడవలు చెప్పేది. ఒకరోజు, "పెద్దమ్మా, నా చిన్నప్పుడు మీ ఇంట్లో ఉన్నానంటగా?" అని అడిగింది.

"ఉన్నావమ్మా."

"ఎన్నాళ్లు?"

"కొన్నాళ్లు" అన్నాను.

"నాకు కుక్క గుర్తుంది. ఎదురింట్లో" అంది. ఇంకేమైనా గుర్తుందా అని అడగడానికి ధైర్యం చాలలేదు. అది అటు తిరిగి తమ్ముడి ఉయ్యాల ఊపడానికి వెళ్లింది.

నేను తిరిగి బయలుదేరిన రోజు ఇంటిల్లిపాదీ గుమ్మంలోకి వచ్చారు. తోడికోడలు నా కాళ్లకి దణ్ణం పెట్టబోతే లేవదీసి కావలించుకున్నాను. ఆవిడ నా భుజం తడిపేసింది. మరిది సంచీ ఆటోలో పెట్టాడు. పాప వచ్చి నా నడుం చుట్టూ చేతులు వేసింది. నేను గుండె దిటవు చేసుకుని దాని వేళ్లు విప్పడానికి సిద్ధపడుతున్నాను. విప్పక్కర్లేదు, అదే వదిలేసింది.

"మళ్లీ ఎప్పుడొస్తావు పెద్దమ్మా?"

"నువ్వు రమ్మన్నప్పుడు."

"సరే" అంది. లోపల తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. "అమ్మా, నేను చూస్తాలే" అంటూ ఆటో కదలకముందే లోపలికి పరిగెత్తింది.

సాయంత్రం తెనాలి స్టేషన్లో మావారు నా కోసం నిలబడి ఉన్నారు. సంచీ అందుకుని, ముందుగా అడిగింది ఒకటే. "ఏడ్చిందా?"

"లేదండి. ఏడవలేదు."

"మంచిదేగా" అన్నారాయన.

"మంచిదేనండి" అన్నాను. మెట్లు దిగుతుంటే నాకు కళ్లు కనబడలేదు. ఆయన సంచీ ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో నా రెక్క పట్టుకున్నారు.